కొండదారుల్లో సైకిల్ యాత్ర: అడవుల మీదుగా, సరస్సుల పక్కగా

కొండ ప్రాంతంలో సైకిల్ యాత్రకు మొదటిసారి బయలుదేరేవారు తరచుగా చేసే పొరపాటు దారిని కిలోమీటర్లలో కొలవడం. మైదానంలో రోజుకు వంద కిలోమీటర్లు సులువుగా తొక్కే మనిషి అదే లెక్కతో కొండల్లో మజిలీలు నిర్ణయించుకుంటే, పొద్దు వాలే వేళకు కనుమకు ఇవతలే ఉండిపోతాడు. అప్పటికి నీళ్ళు అయిపోయి ఉంటాయి, చలి మొదలై ఉంటుంది, దిగవలసిన దారి చీకట్లో కలిసిపోయి ఉంటుంది. కొండల్లో దారిని ఎక్కవలసిన ఎత్తుతోను, చేతిలో ఉన్న పగటి వెలుతురుతోను కొలవాలి. సైకిల్ ఎంపిక, మోసే బరువు, తినే వేళ, బ్రేకు వేసే తీరు అన్నీ ఆ కొలతను అనుసరించి ఉండాలి.

మార్గాన్ని లెక్కవేయడం

ముందుగా మ్యాపు మీద మార్గాన్ని గీసుకుని, ప్రతి రోజుకూ మొత్తం ఎంత ఎత్తు ఎక్కవలసి వస్తుందో విడిగా రాసుకోండి. సామాను వేసుకున్న సైకిల్ మీద ఓ మోస్తరు ఓపిక ఉన్న మనిషి గంటకు సుమారు 400 మీటర్ల నిలువు ఎత్తు ఎక్కగలడని పెట్టుకుంటే లెక్క పెద్దగా తప్పదు. ఒక రోజు దారి 60 కిలోమీటర్లు, అందులో ఎక్కవలసినది 1,200 మీటర్లు అనుకుందాం. ఆ ఎక్కుడు 20 కిలోమీటర్లలో పరచుకుని ఉంటే దానికే మూడు గంటలు పడుతుంది. మిగిలిన 40 కిలోమీటర్ల చదును, దిగుడు కలిపి రెండున్నర గంటలు తీసుకుంటాయి. తినడానికి, నీళ్ళు పట్టుకోవడానికి, ఊపిరి తీసుకోవడానికి, ఒక పంచరు వేసుకోవడానికి మరో రెండు గంటలు కేటాయిస్తే, అరవై కిలోమీటర్లకు ఏడున్నర గంటలు తేలుతుంది. ఇటలీలోని స్టెల్వియో కనుమను ప్రాతో వైపు నుంచి ఎక్కే దారి పొడవు 24 కిలోమీటర్లే అయినా, ఎత్తు సుమారు 1,800 మీటర్లు. ఇదే లెక్కన ఆ ఇరవై నాలుగు కిలోమీటర్లకే నాలుగున్నర గంటలు కావాలి.

సగటు వాలును చూసి నిశ్చింతగా ఉండకండి. పది కిలోమీటర్ల దారికి సగటు వాలు 5 శాతం అని ఉన్నచోట, మధ్యలో రెండు కిలోమీటర్లు 11 శాతం ఉండి, మిగిలినది మూడున్నర శాతమే ఉండవచ్చు. అలసట వచ్చేది ఆ రెండు కిలోమీటర్లలోనే. ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఉన్న మ్యాపులో మీ దారి ఆ గీతలకు సమాంతరంగా సాగితే చదును, వాటిని అడ్డంగా కోసుకుంటూ పోతే ఎక్కుడో దిగుడో అని గ్రహించండి. గీతలు దగ్గరపడ్డ చోట దారి వాటిని నేరుగా కోస్తుంటే అక్కడ నడిపించుకుంటూ వెళ్ళవలసి రావచ్చని ముందే మనసులో పెట్టుకోండి.

సరస్సు ఒడ్డు దారుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అనుభవం ఉన్నవారు కూడా అక్కడ మోసపోతారు. నీటి మట్టం చదునుగా ఉంటుంది గనుక ఒడ్డు వెంట దారి కూడా చదునేనని అనిపిస్తుంది. కానీ కొండ అంచు నీటిలోకి చొచ్చుకువచ్చిన ప్రతిచోటా రోడ్డు ముప్పై, నలభై మీటర్లు పైకి లేస్తుంది. ఆ వెంటనే వాగు సరస్సులో కలిసే చోటికి మళ్ళీ దిగుతుంది. ఇలాంటి మెలికలు ఎనిమిది దాటేసరికి మ్యాపులో ఏ పేరూ లేని మూడు వందల మీటర్ల కొండను మీరు ఎక్కినట్టే. సరస్సు చుట్టూ తిరిగే రోజును విశ్రాంతి దినంగా లెక్కించకండి.

ఎత్తైన కనుమలను మంచు కాలంలో మూసివేస్తారు, వసంతంలో కూడా అవి ఆలస్యంగా తెరుచుకుంటాయి. బయలుదేరే ముందు ఆ దారి తెరిచి ఉందో లేదో స్థానిక అధికారుల నుంచి తెలుసుకోండి. మంచు కరిగి పారే వాగులు మధ్యాహ్నం తరువాత పొంగుతాయి గనుక, వంతెన లేని వాగు దాటవలసి ఉంటే ఉదయమే దాటండి. గాలికి కూడా ఒక దినచర్య ఉంటుంది. ఎండ ఎక్కిన కొద్దీ లోయలోని గాలి ఎగువకు వీస్తుంది, రాత్రి చల్లబడ్డాక దిగువకు మళ్ళుతుంది. అందువల్ల లోయ వెంట దిగువకు వెళ్ళే దారి ఉన్న రోజున పెందలాడే బయలుదేరితే ఎదురుగాలి తప్పుతుంది. ఎగువకు వెళ్ళే రోజున మధ్యాహ్నపు గాలి మీ వీపున ఉంటుంది.

మొదటి రోజు మజిలీని మీరు చేయగలననుకున్న దానిలో సగానికి కుదించండి. ప్రతి మజిలీకి మధ్యలో ప్రయాణం ఆపేసి తలదాచుకోగల చోటు కనీసం ఒకటి గుర్తించి పెట్టుకోండి. అడవుల్లో ఫోను సిగ్నల్ అందని చోట్లు చాలా ఉంటాయి గనుక మ్యాపును ముందే ఫోనులోకి దించుకుని, కాగితం మీద కూడా ఒక ప్రతి ఉంచుకోండి. ఏ రోజు ఏ దారిన వెళుతున్నారో, ఎప్పటిలోగా కబురు అందకపోతే సహాయానికి ఫోను చేయాలో ఇంటి దగ్గర ఒకరికి రాసి ఇచ్చి రండి.

సైకిల్‌ను సిద్ధం చేయడం

కొండలకు కావలసినది ఖరీదైన సైకిల్ కన్నా ముందు చిన్న గేరు. ముందు పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక అతిపెద్ద చక్రానికి 34 పళ్ళు ఉంటే, పెడల్ ఒక చుట్టు తిప్పినప్పుడు సైకిల్ చక్రం కూడా ఒక చుట్టే తిరిగి సుమారు 2.1 మీటర్లు ముందుకు వెళుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లు. మనిషి, సైకిల్, సామాను కలిపి వంద కిలోలు అనుకుంటే, 8 శాతం వాలు మీద ఆ వేగంతో ఎక్కడానికి బరువును పైకి లేపడానికే సుమారు 165 వాట్ల శక్తి కావాలి. అదే ముందు 26, వెనక 36 పళ్ళు ఉంటే వేగం గంటకు ఐదున్నర కిలోమీటర్లకు తగ్గి, కావలసిన శక్తి 120 వాట్లకు దిగుతుంది. మొదటిది చాలామంది ఒక గంట కూడా నిలబెట్టుకోలేని శ్రమ. రెండవది రోజంతా విరామాలతో కొనసాగించగలిగినది. పైన చెప్పిన గంటకు 400 మీటర్ల లెక్క ఈ రెండవ గేరుకే సరిపోతుంది.

చిన్న గేరు వాడటం చేతకానితనమని భావించేవారు నేటికీ ఉన్నారు. ఫ్రాన్స్‌లో పాల్ ద వివీ, 1853 నుంచి 1930 వరకు జీవించిన సైకిల్ యాత్రికుడు, అనేక గేర్ల సైకిళ్ళు కావాలని ఏళ్ళ తరబడి వాదించాడు. అయినా టూర్ ద ఫ్రాన్స్ పందెంలో డీరైలర్‌ను, అంటే చెయిన్‌ను ఒక పళ్ళచక్రం నుంచి మరొకదానికి మార్చే పరికరాన్ని, అనుమతించినది 1937లోనే. మోకాళ్ళు అరిగిపోకుండా పది రోజులు తొక్కాలనుకునే మీకు ఆ పట్టింపు అవసరం లేదు. దుకాణంలో సైకిల్ ఎలా ఉన్నా, వెనక పళ్ళచక్రాల గుత్తిని పెద్దదానితో మార్పించుకోవడం యాత్ర మొత్తానికి మీరు చేసుకోగల అతి మంచి ఖర్చు.

టైర్లు 40 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే గుంతలు, చెట్టు వేళ్ళు, కంకర దారులు అన్నింటినీ భరిస్తాయి. బరువు ఎక్కువ పడే వెనక చక్రంలో గాలి కాస్త ఎక్కువగా, ముందు చక్రంలో తక్కువగా ఉంచండి. బ్రేకు ప్యాడ్‌లు సగానికి పైగా అరిగి ఉంటే యాత్రకు ముందే మార్చండి, ఒక జత అదనంగా వెంట ఉంచుకోండి. అరుగుదల కొలిచే పరికరంతో చెయిన్‌ను చూసి 0.75 శాతం సాగి ఉంటే మార్చండి. పదకొండు, పన్నెండు గేర్ల చెయిన్‌లకు ఆ హద్దు 0.5 శాతమే.

మరమ్మతు సంచిలో రెండు ట్యూబులు, పంచరు సామాను, పంపు, అలెన్ కీల కట్ట, చెయిన్ తెంచే పనిముట్టు, చెయిన్ కలిపే రెండు లింకులు, మీ చక్రాల కొలతకు సరిపోయే స్పోకులు రెండు మూడు, వాటిని బిగించే కీ ఉండాలి. వెనక డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, హ్యాంగర్, ఒకటి తప్పనిసరిగా వేసుకోండి. సైకిల్ పక్కకు పడితే ఫ్రేమును కాపాడటానికి అదే వంగుతుంది, ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారంలో ఉంటుంది గనుక కొండల్లో దొరకదు. టూర్ ద ఫ్రాన్స్‌లో 1913లో యూజీన్ క్రిస్టోఫ్ తూర్మలే కనుమ దిగుతుండగా అతని సైకిల్ ఫోర్కు విరిగింది. సైకిల్‌ను కింది ఊరిదాకా మోసుకువెళ్ళి, అక్కడి కమ్మరి కొలిమిలో తన చేతులతోనే అతికించుకున్నాడు. కొలిమి తిత్తిని ఒక కుర్రవాడు ఊదినందుకు, ఇతరుల సహాయం పొందాడని అతనికి శిక్ష కూడా వేశారు. ఉక్కు ఫ్రేము బరువైనా కొండ యాత్రికులు దానిని ఇష్టపడటానికి కారణం ఇదే: వెల్డింగ్ తెలిసిన మనిషి దొరికితే చాలు, అది మళ్ళీ నడుస్తుంది.

సామాను సర్దడం

సామాను వీపు మీద మోయకండి. చెమట, నడుం నొప్పి, పైకి జరిగిన గురుత్వ కేంద్రం, ఈ మూడూ ఎక్కుడులో మిమ్మల్ని వేధిస్తాయి. క్యారియర్‌కు రెండు పక్కలా తగిలించే సంచుల్లో బరువైనవి అడుగున, చక్రపు ఇరుసుకు దగ్గరగా, రెండు వైపులా సమంగా ఉండేలా సర్దండి. వాన కోటు, చలి జాకెట్, తినుబండారాలు పైన ఉండాలి. బరువు మొత్తం వెనకే పెడితే నిటారు ఎక్కుడులో ముందు చక్రం తేలికై దారి తప్పుతుంది గనుక, కొంత హ్యాండిల్ దగ్గరకో ముందు చక్రపు పక్కలకో మార్చండి. ఇంటి దగ్గరే పూర్తి బరువుతో ఒక ఎక్కుడు, ఒక దిగుడు ఉన్న దారిలో తొక్కి చూసి, వదులైన బోల్టులన్నీ మళ్ళీ బిగించండి.

ఎక్కుడు

కొండ మొదలు కాకముందే గేరు దించండి. పెడల్ బిగుసుకుపోయాక గేరు మారిస్తే చెయిన్ తెగే ప్రమాదం ఉంది. మొదటి పావుగంట మీకు మరీ నెమ్మదిగా అనిపించేంత నిదానంగా తొక్కండి. పక్కన మనిషి ఉంటే పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత ఊపిరి మిగలడం సరైన వేగానికి గుర్తు. నడిపించుకుంటూ వెళ్ళవలసి వస్తే సందేహించకుండా దిగండి, పది నిమిషాల నడక తొడలకు మంచి విశ్రాంతి.

ఆకలి కాకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి అని పాల్ ద వివీ యాత్రికులకు ఇచ్చిన సలహాకు ఇప్పటికీ తిరుగులేదు. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా కొద్దికొద్దిగా తినండి. ఒకేసారి కడుపునిండా తిని ఎక్కుడు మొదలుపెడితే కాళ్ళకు అందవలసిన రక్తం జీర్ణానికి మళ్ళుతుంది. మీ మార్గం 2,500 మీటర్లు దాటితే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం వంటివి ఎత్తు వల్ల కలిగే జబ్బుకు సూచనలు కావచ్చు. 3,000 మీటర్లకు పైన పడుకునే చోటు ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకండి. లక్షణాలు ముదిరితే కిందికి దిగడమే వైద్యం.

కొండల్లో ఉరుముల వాన ఎక్కువగా మధ్యాహ్నం తరువాత కురుస్తుంది, అందుకే కనుమను మధ్యాహ్నానికి ముందే దాటేలా బయలుదేరాలి. మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్లలోపే ఉరిమితే శిఖరం, బయలు, నీటి ఒడ్డు, ఒంటరి చెట్టు వదిలి పక్కా భవనంలోకో వాహనంలోకో వెళ్ళండి. చివరి ఉరుము తరువాత అరగంట గడిచేదాకా కదలకండి.

దిగుడు

ఎక్కుడు అలసట తెస్తుంది, దిగుడు ప్రమాదం తెస్తుంది. నా దృష్టిలో ఈ యాత్రలో అన్నింటికన్నా శ్రద్ధగా నేర్చుకోవలసినది దిగడమే.

కనుమ పైకి చేరగానే చేయవలసిన మొదటి పని జాకెట్ వేసుకోవడం. ఒళ్ళు వేడిగా, బనియను చెమటతో తడిసి ఉంటుంది, చలి అనిపించదు. కానీ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గి ఉంటుంది. దిగుడులో కాళ్ళకు పని లేదు, ఎదురుగాలి చెమటను ఆరబెడుతుంది. ఐదు నిమిషాల్లో వేళ్ళు కొయ్యబారతాయి, బ్రేకు మీట ఎంత నొక్కుతున్నారో తెలియకుండా పోతుంది. అందుకే దిగుడు మొదలు కాకముందే తడి బనియను మార్చి, గాలిని ఆపే జాకెట్, నిండు వేళ్ళ చేతి తొడుగులు వేసుకోండి. ఆ తరువాత ఆగి ఉన్న చోటే రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి చూడండి, టైర్లను వేళ్ళతో అదిమి చూడండి, సంచుల కొక్కేలు లాగి చూడండి.

వంద కిలోల బరువు 500 మీటర్లు దిగినప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 490 కిలోజౌళ్ళు. చల్లని నీళ్ళు దాదాపు ఒకటిన్నర లీటర్లు మరగడానికి అది చాలు. అందులో కొంత గాలి లాక్కుంటుంది, మిగిలినదంతా బ్రేకుల్లో వేడిగా దిగుతుంది. మీరు భయంతో బ్రేకును ఎడతెగకుండా పట్టుకుని నెమ్మదిగా దిగితే, గాలి తీసుకునే వాటా తగ్గి బ్రేకుల వాటా పెరుగుతుంది, అవి చల్లబడే వ్యవధి కూడా ఉండదు. రిమ్ము బ్రేకులైతే రిమ్ము కాలి ట్యూబు పేలవచ్చు, డిస్కు బ్రేకులైతే పట్టు సడలవచ్చు. కాబట్టి దారి కనిపించే, మలుపులు లేని తిన్నని భాగంలో బ్రేకు వదలండి, మలుపుకు ముందు రెండు బ్రేకులూ కలిపి గట్టిగా వేసి వేగం తగ్గించండి, మళ్ళీ వదలండి. దీర్ఘమైన దిగుడులో మధ్యమధ్య ఆగి చల్లారనివ్వండి, డిస్కును మాత్రం చేత్తో తాకకండి.

హెయిర్‌పిన్ మలుపులో తిరుగుతూ బ్రేకు వేయకూడదు. ముందే వేగం తగ్గించి, మలుపు బయటి వైపు పెడల్‌ను కిందికి దించి దాని మీద బరువు వేసి, చూపును మలుపు చివర నిలిపి తిరగండి. ఎదురుగా వాహనం వస్తుందనే అనుకుని మీ వైపు రోడ్డులోనే ఉండండి. సామాను ఉన్న సైకిల్ కొంత వేగం దాటాక హ్యాండిల్ దానంతటదే అదరడం మొదలుపెట్టవచ్చు. అప్పుడు హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటే అదురు పెరుగుతుంది. ఫ్రేము పై గొట్టాన్ని రెండు మోకాళ్ళతో నొక్కిపట్టి, భుజాలు వదులు చేసి, మెల్లగా వేగం తగ్గిస్తే అది ఆగిపోతుంది.

అడవిలోంచి దిగే దారిలో ఎండ, నీడ చారలుగా పడతాయి. ఎండలోంచి చెట్ల నీడలోకి దూసుకుపోయిన క్షణంలో కంటికి ఏమీ కనిపించదు, సరిగ్గా అక్కడే తడి ఆకులు, రాలిన కంకర, రోడ్డును పగలగొట్టుకుని లేచిన చెట్టు వేరు ఉంటాయి. నల్ల కళ్ళద్దాలు తీసేసి, నీడలోకి వెళ్ళే ముందే వేగం తగ్గించి, ముందు వెనక లైట్లు పగలు కూడా వెలిగించి ఉంచండి. నీడ చోట్ల రాత్రి తడి, చలికాలంలో మంచు పొర మధ్యాహ్నం దాకా ఆరకుండా ఉంటాయి. తెల్లవారుజామున, సంధ్యవేళ జంతువులు రోడ్డు దాటుతాయి. పిల్లతో ఉన్న జంతువు కనిపిస్తే ఆ రెండింటి మధ్యకు వెళ్ళకుండా దూరంగానే ఆగండి.

రాత్రి మజిలీ

సరస్సు ఒడ్డునే గుడారం వేయాలనిపించడం సహజం. కానీ రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు వెంట జారి నీటి చుట్టూ పల్లంలో చేరుతుంది, తెల్లవారేసరికి పొగమంచుతో గుడారం లోపలా బయటా తడిసిపోతుంది. ఒడ్డు నుంచి కాస్త పైకి, చదునైన పొడి నేల చూసుకోండి. నీటి నుంచి కనీసం అరవై మీటర్ల దూరం ఉంటే నీటికి వచ్చే జంతువుల దారికి కూడా అడ్డు రారు. గుడారం వేసే ముందు తల పైకెత్తి చూడండి, ఎండిన చెట్టు గానీ విరిగి వేలాడే కొమ్మ గానీ ఉంటే ఆ చోటు వదిలేయండి. గుడారాలు, నిప్పు విషయంలో అక్కడి అటవీ నియమాలు తెలుసుకుని పాటించండి. మంట నిషేధించిన కాలంలో చిన్న పొయ్యి కూడా వెలిగించవచ్చో లేదో అడగండి. ఆహారాన్ని గుడారంలో పెట్టుకోకండి. గిన్నెలు, ఒళ్ళు సరస్సులో కడగకుండా నీళ్ళు దూరంగా తెచ్చుకుని కడగండి. మలవిసర్జనకు నీటికి అరవై మీటర్ల అవతల 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి పూడ్చండి.

నీరు తేటగా ఉందని నేరుగా తాగకండి. బాగా మరిగాక ఒక నిమిషం, 2,000 మీటర్లకు పైన మూడు నిమిషాలు మరిగించాలి, ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి. చేతి ఫిల్టర్లు బ్యాక్టీరియాను ఆపినా, చాలావరకు వైరస్‌లను ఆపలేవు. ఇంకొక జాగ్రత్త సరస్సులకే ప్రత్యేకం: నీటి మీద ఆకుపచ్చ రంగు పోసినట్టు నురుగో తెట్టో కనిపిస్తే ఆ నీటిని ఏ విధంగానూ వాడకండి, అందులో దిగకండి. కొన్ని నాచు సూక్ష్మజీవులు వదిలే విషం మరిగించినా పోదు. అలాంటి చోట సరస్సులోకి వచ్చే వాగును ఎగువన వెతకండి.

వెలుతురు ఉండగానే చెయిన్ తుడిచి నూనె వేయండి, బ్రేకు ప్యాడ్‌లు చూడండి, వెనక చక్రాన్ని తిప్పి స్పోకులను ఒక్కొక్కటిగా వేళ్ళతో మీటండి. బిగుతైనవి ఒకే తీరు శబ్దం చేస్తాయి, వదులైనదీ విరిగినదీ వెంటనే తెలిసిపోతుంది. గడ్డిలోంచి నడిచి ఉంటే కాళ్ళ మీద, మోకాలి మడతల్లో, చెవుల వెనక పిడుదులు ఉన్నాయేమో చూసుకుని, ఉంటే పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయండి. ఆ తరువాత మరుసటి రోజు మ్యాపు తెరిచి, కనుమ ఎత్తులోంచి మీరున్న చోటి ఎత్తు తీసేసి, 400తో భాగించి, మధ్యాహ్నం నుంచి అన్ని గంటలు వెనక్కి లెక్కవేయండి. వచ్చిన వేళకు ఇంకొక గంట ముందుగా అలారం పెట్టుకోండి.